అద్దం వెనక పచ్చయ్య

ఊఁ కొడతావా, కొట్టవా? ఊఁ కొట్టకపోతే కథ కదలదు, ముందే చెప్తున్నాను. ఆ దుప్పటి కాళ్ళమీదకి లాక్కో. హాఁ, అలాగ.

అనగనగా గోదావరి పక్కన ఒక ఊళ్ళో, వడియాలు పెట్టి అమ్మే ఇల్లొకటి ఉండేది. ఆ ఇంటికి పెద్ద అచ్చాయమ్మ గారు. గుమ్మడి వడియాలు, పిండి వడియాలు, మినప వడియాలు, ఏవైనా సరే, ఆవిడ చెయ్యి పడితే నూనెలో పువ్వుల్లా విచ్చుకోవలసిందే. ఎండాకాలం వచ్చిందంటే ఆ ఇంటి డాబా మీద అడుగు పెట్టడానికి చోటుండేది కాదు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా పంచెలు పరిచి, వాటి మీద వడియాలే.

ఆ అచ్చాయమ్మ గారికి ఒక మనవరాలు. పేరు పద్మిని. ఇంచుమించు నీ అంత ఉంటుంది. వాళ్ళమ్మ కూడా ఉండేది. చాలా మంచి మనిషి, చక్కని చుక్క. అయితే ఈ కథలో ఆవిడకి పెద్ద పని లేదులే, పిండి రుబ్బుతూ ఉంటుంది.

పక్కింట్లో ఒక బ్యాంకు మేనేజరు గారుండేవారు. ఆయనకి బదిలీ అయింది. వెళ్తూ వెళ్తూ, తను పెంచుకునే ఇగువానాని పద్మిని చేతిలో పెట్టారు. ఇగువానా అంటే ఏమిటంటావా? తొండ ఉంది చూడు, దానికి పెద్దన్నయ్య అనుకో. ఒళ్ళంతా పచ్చగా, వీపు మీద దువ్వెన పళ్ళలా ముళ్ళు, వెనక ఇంత పొడుగు తోక. చూస్తే గుండె ఝల్లుమంటుంది గానీ, అది తినాల్సింది ఆకులూ పూలూ. పద్మిని దానికి పచ్చయ్య అని పేరు పెట్టింది.

అచ్చాయమ్మ గారు ఒక్క మాటే అన్నారు. "ఇంట్లో ఉంచుకో, ఏమీ అనను. డాబా మెట్టెక్కాడో, ఊరుకునేది లేదు. తినే వస్తువు ఆరబెట్టే చోటు."

అప్పుడు వీధి గదిలో, కిటికీ అద్దం వెనకాల, ఒక చెక్కపెట్టె పెట్టి పచ్చయ్యకి ఇల్లు చేశారు. పొద్దున్నే అద్దంలోంచి ఎండ పడేది. పచ్చయ్య ఆ ఎండలో కళ్ళు మూసుకుని జమీందారులా పడుకునేవాడు. పద్మిని బడినుంచి వచ్చి చెయ్యి చాపితే చాలు, చేతిమీదుగా పాకి, భుజం ఎక్కి, గోళ్ళతో గౌను గట్టిగా పట్టుకుని కూర్చునేవాడు. ఆ పిల్ల గౌన్లన్నిటికీ ఆ భుజం మీద దారాలు లేచిపోయేవి. వాళ్ళమ్మ తిట్టేది. తిట్టదూ మరి?

ఆ ఇంట్లో ప్రేమంటే తిండి పెట్టడమే. అచ్చాయమ్మ గారు పప్పన్నం ముద్ద పెట్టేవారు. పద్మిని వాళ్ళ బాబాయి సూర్రావు బిస్కెట్టు పెట్టేవాడు. వీధిలో వచ్చేపోయేవాళ్ళు అరటిపండు పెట్టేవారు. పచ్చయ్య కాదనకుండా అన్నీ తినేవాడు. రానురాను కాళ్ళు బొద్దుగా తయారయ్యాయి. చూసినవాళ్ళందరూ "అబ్బో, ఎంత పుష్టిగా ఉన్నాడో" అనేవారు. అచ్చాయమ్మ గారు మురిసిపోయేవారు. ఆ ఇంట్లో మనిషైనా, వడియమైనా, తొండైనా బొద్దుగా ఉంటేనే లెక్క.

అలా ఒక ఏడాది తిరిగింది. అప్పుడు పద్మిని ఒకటి గమనించింది. భుజం ఎక్కించుకుంటే పచ్చయ్య జారిపోతున్నాడు. గోళ్ళు ఉన్నాయి, పట్టు లేదు.

ఆ తర్వాత ఇంకోటి గమనించింది. మందార పువ్వంటే ప్రాణం వాడికి. అలాంటిది, పువ్వు ముక్కు ముందు పెట్టినా నోరు తెరవలేదు. కింది దవడ కాస్త ఉబ్బి ఉంది. మామిడాకులా మెరిసే ఒళ్ళు మాసిపోయి ఉంది.

ఆ తర్వాత మూడోది. వెనక కాళ్ళు ఈడుస్తూ నడిచాడు. ఎండలో పడుకుని ఉండగానే వాడి వేళ్ళు సన్నగా వణికాయి. అది చూసి పద్మినికి ఏడుపొచ్చింది. అయినా ఏడుస్తూ కూర్చోలేదు. లేచి వెళ్ళి పెద్దవాళ్ళకి చెప్పింది.

ముందు మామ్మకి చెప్పింది. "దిష్టే, ఇంకేముంది! అందరి కళ్ళూ వాడి కాళ్ళ మీదే" అన్నారు అచ్చాయమ్మ గారు. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో పడేశారు. ఇంటిల్లిపాదీ దగ్గారు. పచ్చయ్య మాత్రం అలాగే పడున్నాడు.

ఆ తర్వాత బాబాయికి చెప్పింది. "జబ్బేమిటే! జబ్బు చేసినవాడికి కాళ్ళు అంత లావుంటాయా? ఒళ్ళు బద్ధకం వాడికి" అని, సూర్రావు ఇంకో బిస్కెట్టు తీశాడు.

ఆ తర్వాత వాళ్ళమ్మకి చెప్పింది. వాళ్ళమ్మ రోలు ముందునుంచి తలెత్తి చూసి, "జబ్బని నీకెలా తెలుసే?" అంది.

"రోజూ చూస్తున్నాను కదమ్మా. వీడు మన పచ్చయ్యలా లేడు" అంది పద్మిని.

ఆ మాట వినగానే వాళ్ళమ్మ రోలు దగ్గర్నుంచి లేచింది. చేతులు కడుక్కుని చెప్పులేసుకుంది. వడియాల బుట్టలో మెత్తటి గుడ్డ పరిచి, పచ్చయ్యని పడుకోబెట్టి, ఇద్దరూ పశువుల ఆసుపత్రికి బయల్దేరారు.

అక్కడ గేదెలు, మేకలు, ఒక ఎద్దు. వాటిని తోలుకొచ్చినవాళ్ళు బుట్టలోకి తొంగిచూసి, "తొండకి కూడా వైద్యమా!" అని పడీపడీ నవ్వారు. పద్మిని మొహం ఎర్రబడింది. కానీ బుట్ట మీద చెయ్యి తియ్యలేదు, వరసలోంచి కదల్లేదు.

డాక్టరమ్మ పేరు గ్రేస్ కుమారి గారు. ఆవిడ నవ్వలేదు. "నేను గేదెల్నీ మేకల్నీ చూసేదాన్ని తల్లీ. ఇలాంటి జీవాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. కానీ తెలిసినవాళ్ళని అడుగుతాను" అని, తనకి చదువు చెప్పిన మేష్టారికి ఫోను చేశారు. ఆయన అక్కణ్ణుంచి ఒక్కొక్క ప్రశ్నే అడిగారు. ఏం తింటాడు? ఎక్కడ పడుకుంటాడు? ఎప్పట్నుంచి జారుతున్నాడు? పద్మిని ఏదీ దాచలేదు. పప్పన్నం చెప్పింది, బిస్కెట్లు చెప్పింది, అద్దం చెప్పింది. దవడ సంగతీ వేళ్ళ వణుకూ అడక్కముందే చెప్పింది.

అప్పుడు ఎక్స్‌రే తీశారు. అందులో పచ్చయ్య ఎముకలు కనీకనిపించకుండా ఉన్నాయి.

"ఇది పుష్టి కాదమ్మా, వాపు" అన్నారు డాక్టరమ్మ. "లోపల ఎముక మెత్తబడిపోయింది. దానికి కావలసిన కాల్షియం ఈ తిండిలో లేదు. ఉన్న కాస్తా ఒంటికి పట్టాలంటే అసలైన ఎండ తగలాలి. ఆ ఎండలో ఉండే సత్తువని అద్దం ఆపేస్తుంది, వట్టి వెచ్చదనమే లోపలికొస్తుంది. ఇంకొన్నాళ్ళు ఆగుంటే నా చేతిలో ఏమీ ఉండేది కాదు. ఇప్పుడైనా బతుకుతాడని గట్టిగా చెప్పలేను. కానీ నువ్వు సమయానికి తెచ్చావు తల్లీ."

నవ్వినవాళ్ళందరూ వింటూ ఉండగానే అన్నారు ఆ మాట! వాళ్ళమ్మకి ఎంత గర్వంగా అనిపించిందో, నాకు తెలుసు.

మూడు పనులు చెప్పారు డాక్టరమ్మ. మందు చుక్కలు వెయ్యడం. అన్నం, బిస్కెట్లు మానేసి మునగాకు, మందారాకు పెట్టడం. పొద్దుటి ఎండలో కూర్చోబెట్టడం, అదీ పక్కనే నీడ ఉంచి, వేడెక్కితే వాడే తప్పుకునేలా. ఎముక గట్టిపడేదాకా ఎక్కడికీ ఎక్కనివ్వొద్దన్నారు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోమన్నారు.

మందు దొరికింది. మునగాకు పెరట్లోనే ఉంది. మరి ఎండ? ఆ ఇంటి ఎండంతా డాబా మీదే ఉంది. డాబా అచ్చాయమ్మ గారిది. పైగా వడియాల రోజులు.

"కుదరదంటే కుదరదు" అన్నారు అచ్చాయమ్మ గారు. "అద్దంలోంచి బోలెడు ఎండొస్తోంది కదే వాడికి!"

అప్పుడు పద్మిని మెల్లిగా అడిగింది. "మామ్మా, నిరుడు ముసురు పట్టినప్పుడు బాబాయి కిటికీ అద్దం వెనక వడియాలు ఎండబెట్టాడు కదా. అవేం చేశావు?"

"ఏం చేస్తాను, పారబోశాను. పుల్లటి వాసనేశాయి. వెధవ అద్దం ఎండ, అదీ ఒక ఎండేనా!"

"మరి పచ్చయ్యని ఏడాదినుంచీ అక్కడే పెట్టాం కదా మామ్మా."

నిజానికి వడియానికి తక్కువైంది గాలి, పచ్చయ్యకి తక్కువైంది ఎండలో సత్తువ. రెండూ ఒకటి కావు. కానీ అచ్చాయమ్మ గారికి లోకంలో ఏది అర్థమవ్వాలన్నా వడియంలోంచే అర్థమవ్వాలి. ఆవిడ కొంగు బిగించి డాబా ఎక్కారు. అన్నిటికన్నా ముందు ఎండ తగిలే మూల పరిచిన పంచెని తన చేత్తోనే తీసేశారు. కాకులు వాలకుండా కప్పే వలతో అక్కడొక గూడు చేయించారు. వడియాలన్నీ ఆ చివరికి జరిపించారు. "ఊఁ, తీసుకురా వాణ్ణి" అన్నారు.

ఆ తర్వాత పద్మిని రోజూ పొద్దున్నే పచ్చయ్యతో పాటు డాబా మీద కూర్చునేది. ఒక చేత్తో కాకుల్ని తోలేది, ఇంకో చేత్తో మునగాకు అందించేది. ముందు వేళ్ళ వణుకు తగ్గింది. ఆ తర్వాత దవడ వాపు దిగింది. ఆ తర్వాత ఒక పొద్దున మందారపువ్వు నోట కరుచుకుని కరకరా నమిలాడు. ఆ రోజు పద్మిని ఇడ్లీ తినడం కూడా మర్చిపోయింది. అయితే వెనక కాళ్ళు గట్టిపడ్డాయో లేదో ఎవరికీ తెలీదు, ఎక్కనివ్వడం లేదుగా.

ఇంకో పొద్దున పద్మిని మునగాకు కొయ్యడానికి పెరట్లోకి దిగింది. డాబా మీద అచ్చాయమ్మ గారొక్కరే ఉన్నారు. ఇంతలో ఎక్కణ్ణుంచి వచ్చిందో, గాలివాన! పంచెలు లేచిపోతున్నాయి, వలగూడు ఊగిపోతోంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఒక్కసారే దిగగలరు. ఏదో ఒకటే తేగలరు.

పద్మినీ వాళ్ళమ్మా పరుగెత్తుకొచ్చేసరికి అచ్చాయమ్మ గారు మెట్లు దిగుతున్నారు. నిలువునా తడిసిపోయారు. చేతిలో ఒక్క వడియం లేదు. భుజం మీద, కొంగు కింద, పచ్చయ్య ఉన్నాడు.

"అత్తయ్యా, వడియాలో?" అంది వాళ్ళమ్మ.

"పోతే పోయాయి, మళ్ళీ పెట్టుకోలేమా! ఇటు చూడవే పద్మినీ" అన్నారు అచ్చాయమ్మ గారు. భుజం మీద గోళ్ళు దిగి ఎర్రగా గీతలు పడ్డాయి. మెట్టుమెట్టుకీ ఊగుతూ దిగినా వాడు జారలేదు. "పట్టుకున్నాడే! గట్టిగా పట్టుకున్నాడు. మా పచ్చయ్యే వీడు!"

ఆ సాయంత్రం వడియాల కోసం వచ్చినవాళ్ళందరికీ ఆవిడ చెప్పిన మాట ఒక్కటే. "వడియాలు వాన తీసుకుపోయింది. ఊరికే పోకండి, మా మనవరాలు కాపాడిన ప్రాణం ఉంది లోపల, చూసి వెళ్ళండి." రవికె తప్పించి మరీ ఆ గీతలు చూపించారు.

ఊఁ? ఆ పద్మిని ఇప్పుడెక్కడుందంటావా? రేపు పొద్దున నీకు జడ వేసే చేతుల్ని అడుగు, చెప్తాయి. మరి రోలు ముందు కూర్చున్న ఆ చక్కని చుక్క ఎవరంటావా? నవ్వుతావేం? కళ్ళు మూసుకో.

వానకి వడియం కరిగింది,
పచ్చయ్య పట్టు పెరిగింది,
కథ కంచికి కదిలింది,
కంటికి కునుకు కుదిరింది.