అందరికంటే ఎక్కువ తడిసినవాడు

ఆ ఉదయం ప్రద్యుమ్నకు కాళ్ళు నేలమీద ఆనడం లేదు. మూడేళ్ళుగా వెతుకుతున్న దొంగ దొరికాడు మరి.

వరంగల్లులోని ఒక పరిశోధనశాలలో అతను కీళ్ళవాతం మీద పనిచేస్తున్నాడు. మన కణాల పైపొరకు రిసెప్టర్లని ఉంటాయి. వాటిని చెవులనుకోండి. బయటినుంచి వచ్చిన రసాయనం చెప్పే మాట విని కణం లోపలికి చేరవేస్తాయి. అతను మోకాలి కీలు లోపలి పొరను పల్చగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి ఆ చెవుల్లో ఒక రకాన్ని లెక్కపెట్టాడు. బాగున్న మోకాలిలో ఎక్కడో ఒకటీ అరా ఉన్నాయి. వాచిన మోకాలిలో కిక్కిరిసి ఉన్నాయి.

ఇంకేం కావాలి? వాపుకు కారణం ఇదే, దీన్ని మూసేసే మందు రోగులకు ఇచ్చి చూద్దాం అని నివేదిక రాసేసి, సంతకం కోసం గురువుగారి దగ్గరికి పట్టుకెళ్ళాడు.

డాక్టర్ ఖైరున్నిసా గారికి అరవై దాటాయి. ఆమె వేళ్ళ కణుపులూ ఆ జబ్బుతోనే వాచి ఉంటాయి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు. కాగితాలన్నీ ఓపిగ్గా చదివి ఒక్కటే అడిగారు.

"ఆ చెవి ఏం వింటోంది బేటా?"

"లెక్క చూడండి మేడమ్. ఏడింతలున్నాయి."

ఆమె కలం పక్కన పెట్టారు. కింద గాజుసామాను కడిగే గదిలో పొద్దున్నుంచి పైపు పగిలి నీళ్ళు పారుతున్నాయి కదా, అక్కడ అందరికంటే ఎక్కువ తడిసింది ఎవరో చూసి, ఆ మనిషిని బయటికి పంపేసి రమ్మన్నారు.

ఇదేం పని అనుకుంటూనే వెళ్ళాడు. ముగ్గురు మనుషులు పాంట్లు పైకి మడుచుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డారు. ప్లంబర్ కొమురయ్య మాత్రం నెత్తినుంచి కాళ్ళదాకా తడిసి ముద్దయి, పైపును రెండు చేతులతో అదిమిపట్టి ఉన్నాడు. ప్రద్యుమ్న మొహమాటపడుతూ మేడమ్ మాట చెప్పాడు.

కొమురయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. "పొమ్మంటే పోత సారూ. పొద్దటి సంది చాయ్ గూడ తాగలే. జర ఈడ నీ చెయ్యి పెట్టు మరి."

అని చేతులు తీసేశాడు. నీళ్ళు వచ్చి ప్రద్యుమ్న మొహాన కొట్టాయి. గుమ్మం దగ్గర నవ్వులు. అతను కళ్ళు మూసుకుని తడుముకుంటూ రెండు అరచేతులూ అడ్డం పెట్టాడు. ధార సన్నబడింది. కొమురయ్య తాపీగా చాయ్ తాగి వచ్చి, రబ్బరు పట్టీ చుట్టి బిగించేదాకా అలాగే నిలబడ్డాడు.

పైకి వచ్చేసరికి చొక్కా అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. బల్లమీద నివేదిక సంతకం లేకుండా అలాగే ఉంది.

ఖైరున్నిసా గారు అతన్ని కాసేపు చూశారు. కళ్ళలో నవ్వు.

"ఇప్పుడు ఎవర్ని బయటికి పంపమంటావు బేటా?"

ప్రద్యుమ్న కాగితాలు తడవకుండా రెండు వేళ్ళతో పట్టుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆ చెవులు వాపును పెంచుతున్నాయో, అదిమిపట్టి ఆపుతున్నాయో తేల్చడానికి వాచిన కీలు కణాలను రెండు గాజుగిన్నెల్లో పెట్టాడు. ఒక గిన్నెలో ఆ చెవుల్ని మూశాడు. రెండోదానిలో తెరిచే ఉంచాడు.

తల తుడుచుకోవడం ఆ తర్వాత గుర్తొచ్చింది.