యానాం రేవుకు పెళ్ళిపడవ

ఎవరేమడిగినా సుబ్బావధానులుగారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "చూద్దాం పద" అనేవారు. శిష్యుడు పేరిశాస్త్రికి ఆ మాటంటే ఎప్పుడూ ఒళ్ళుమంటే. ఆవేళ మరీను.

శారదా చట్టం అమల్లోకొచ్చి నెల తిరగలేదు. పధ్నాలుగేళ్ళు నిండని పిల్లకు పెళ్ళి చేస్తే శిక్ష. శాస్త్రి కూతురు శేషుకు తొమ్మిదేళ్ళు. గౌతమికి ఆవలి ఒడ్డున యానాం ఫ్రెంచివాళ్ళది. అక్కడ ఈ చట్టం చెల్లదు. మగపెళ్ళివారు ముందే అక్కడికి చేరి, సాయంత్రం లగ్నం తప్పితే సంబంధం తప్పినట్టేనని కబురంపారు.

రేవులో నిలబడి శాస్త్రి అడిగాడు. "మా తాతల నాడు సర్కారువారు కాపురానికి పదేళ్ళన్నారు. మా నాన్న నాడు పన్నెండన్నారు. ఇప్పుడు పెళ్ళికే పధ్నాలుగంటున్నారు. గీత ఇలా జరుపుకుంటూ పోతే ఎలాగండీ? అసలు ఆడపిల్ల పెద్దదయ్యేది ఎప్పుడు?"

"చూద్దాం పద" అంటూ అవధానులుగారు పడవెక్కారు.

భార్యనూ కూతుర్నీ ఎక్కించి, పోలీసులెవరైనా వస్తున్నారేమోనని శాస్త్రి మాటిమాటికీ వెనక్కి చూస్తున్నాడు. పడవ నడిపే పోలయ్య నవ్వాడు. "ఎవరూ రారు బాబయ్యా. ఈ నెల్లో యానానికి పెళ్ళికూతుళ్ళని తప్ప ఇంకేటీ మొయ్యలేదు నేను."

శాస్త్రికి నవ్వు రాలేదు.

నడిమికి చేరకముందే సముద్రపు గాలి ఎదురుకొట్టింది. పడవ ఓ పక్కకు ఒరిగి, నీళ్ళు లోపలికి దూకాయి. "పెద్దోళ్ళందరూ నీళ్ళు తోడండి!" అని పోలయ్య కేకేశాడు. శాస్త్రి పంచె ఎగ్గట్టి, చేతికందిన గిన్నెతో తోడసాగాడు. తలతిప్పితే పక్కనే శేషు! పట్టుపరికిణీ మోకాళ్ళదాకా తడిసింది. పెళ్ళికొడుకు కాళ్ళు కడగడానికి తెచ్చిన చెంబుతో తనూ తోడుతోంది. పడవ మళ్ళీ ఊగేసరికి అంచుమీదికి తూలింది. శాస్త్రి గిన్నె వదిలేసి, రెక్క పట్టుకుని ఇవతలికి లాగాడు.

"చిన్నపిల్లవి, నీకెందుకే ఇవన్నీ! పోయి అమ్మ ఒళ్ళో కూర్చో!"

శేషు గజగజ వణుకుతోంది. "పొద్దున్న నేనేడిస్తే, పెద్దదానివయ్యావు, ఏడవకూడదన్నావుగా నాన్నా?"

శాస్త్రి వదిలేసిన గిన్నె అందుకుని మళ్ళీ తోడసాగాడు.

గాలి తగ్గే జాడ లేదు. "బాబయ్యా, వెనక్కి తిరిగితే గాలే తోసుకుపోద్ది, చిటికెలో మన రేవు. ముందుకంటారా, దేవుడి మీద భారం. ఎటు పొమ్మంటారు?" అన్నాడు పోలయ్య.

యానాం ఒడ్డున మోగుతున్న సన్నాయి గాలికి తెగితెగి వినిపిస్తోంది. పొద్దు వాలుతోంది. శాస్త్రి దిక్కుతోచక గురువుగారి ముఖంలోకి చూశాడు.

అవధానులుగారు తడిసిన ఉత్తరీయం పిండుకుంటున్నారు. "నన్నెందుకు చూస్తావోయ్? పడవలో చిన్నపిల్ల ఉందని అరిచింది నువ్వు. ఆ మాటేదో పోలయ్యకు కూడా చెప్పు."