గాలికెదురు పలికిన సుంకులమ్మ

అనగనగనగా, బస్సు కూడా ఎక్కలేక కిందే ఆగిపోయే ఒక గుట్ట మీద ఒక ఊరు. ఆ ఊరి పేరు గాలిమిట్ట. అక్కడ చెరువు లేదు, కాలవ లేదు. వాన పడితే జొన్న, పడకపోతే పస్తు. గాలికి మాత్రం ఏనాడూ కరువు లేదు. గాలిమిట్టవాళ్ళు సంగటిలోకి గాలి నంజుకుని తింటారని కిందూరివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

ఊఁ కొడుతున్నావా తల్లీ? కొట్టాలి మరి. ఊఁ కొట్టకపోతే కథ దారి తప్పుతుంది.

ఆ ఊళ్ళో జొన్నకంకులు పాలు పోసుకునే వేళకు చిలకలు దండు కట్టి వచ్చేవి. అప్పుడు ప్రతి చేలోనూ ఒక మంచె లేచేది. నాలుగు గుంజలు, వాటి మీద తడిక, తడిక మీద ఒక మనిషి. ఆ మనిషి చేతిలో వడిసెల. వడిసెల అంటే రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరే తాడన్నమాట. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా కూడూ నీళ్ళూ ముచ్చట్లూ అన్నీ ఆ మంచె మీదే.

దానికి ఊళ్ళో ఒక కట్టుబాటుండేది. ఒక మంచె మీద "ఓహోయ్" అని కేక లేస్తే, పక్క మంచె వాళ్ళు అందుకోవాలి. వాళ్ళ కేకను ఆ పక్కవాళ్ళు అందుకోవాలి. అలా కేక ఊరు చుట్టూ తిరిగితేనే చిలకలు ఎవరి చేలోనూ వాలవు. కేక అందుకోని మనిషికి ఊళ్ళో నిప్పు కూడా పుట్టేది కాదు.

పడమటి చేను సుంకులమ్మ వాళ్ళది. అప్పటికింకా ఆమె సుంకులమ్మ కాదు, ఉత్త సుంకులే. వంకకు అవతల తూర్పు చేను ఓబులేసు వాళ్ళది. సుంకులుకి అతను వరసకు బావ. ఊళ్ళో ఎదురుపడితే ఇద్దరికీ నోరు పెగిలేది కాదు. మంచె ఎక్కితే మాత్రం మధ్యలో వంకంత దూరం ఉంది కదా, ఆ దూరమే ధైర్యమిచ్చేది.

"సుంకులూ! కూడు తిన్యావా?"

"నేను తిన్యా బావోయ్! నీ చేను చిలకలు తింటన్నాయి, చూస్కో!"

ఇలా ఒక పంటకాలమంతా గడిచింది. మరుసటి ఏటి పంటకాలంలో ఒక రోజు గాలి లేచింది. అంతా ఇంతా గాలి కాదు. తూర్పు నుంచి పడమరకు జొన్నచేలన్నీ ఒకే వైపు తలలు వాల్చేశాయి. అప్పుడు ఓబులేసు మంచె మీద లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పట్టుకున్నాడు.

"సుంకులూ! నిన్ను అడగడానికి మా అమ్మ రేపు మీ ఇంటికి వస్తానంటాంది. రమ్మందునా, వద్దందునా?"

సుంకులు లేచి నిలబడి "రమ్మను బావా" అంది. సిగ్గుకి మాట బయటికి రాలేదేమోనని మళ్ళీ అంది. మూడోసారి గొంతు జీరపోయేట్టు అరిచింది.

ఓబులేసు కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ తర్వాత మెల్లగా కూర్చున్నాడు.

మర్నాడు సుంకులు వాకిలి అలికి ముగ్గేసింది. తల దువ్వుకుని గడప పక్కన కూర్చుంది. పొద్దున వస్తారనుకుంది, రాలేదు. ఎండ తగ్గాక వస్తారేమో అనుకుంది, రాలేదు. దీపాలు పెట్టాక కూడా ఎవరూ రాలేదు. అదే వారంలో ఓబులేసు కిందూళ్ళో మేనమామ దగ్గరికి, కాలవ కింద సేద్యానికి వెళ్ళిపోయాడని తెలిసింది.

'రమ్మన్నాను. విన్నాడు. విని కూడా వద్దనుకున్నాడు' అనుకుంది సుంకులు. వయసులో ఉన్న పిల్ల, 'ఎందుకు రాలేద'ని ఎవర్ని పట్టుకుని అడుగుతుంది? ఆ మాట మింగేసింది.

ఆ తర్వాత కాలం ఆగుతుందా? ఒక్కతే కూతురని సుంకులుకి ఇల్లరికం అల్లుణ్ణి తెచ్చారు. మంచివాడే, అబద్ధమెందుకు చెప్పాలి? పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఒక కొడుకు పుట్టాడు, మద్దిలేటి అని పేరు పెట్టుకున్నారు. సుంకులు సుంకులమ్మ అయింది. ఏటా అదే చేలో, అదే మంచె మీద కూర్చునేది. కేక లేస్తే అందరిలాగే అందుకునేది. అందుకున్నాక ఒక్క క్షణం తూర్పుకు చెవి పెట్టేది. ఎందుకు పెడుతున్నావే అని తనను తానే తిట్టుకునేది. మళ్ళీ పెట్టేది.

ఓబులేసు ఊరికి రాకపోలేదు. మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి తమ్ముడి పెళ్ళికి. అప్పుడు సుంకులమ్మ చంకలో బిడ్డ ఉన్నాడు, అతని పక్కన కొత్త పెళ్ళాం ఉంది. ఇద్దరూ తలలు తిప్పుకున్నారు. రెండోసారి వాళ్ళమ్మ పోయినప్పుడు. సుంకులమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాడు, చెంబు తిరిగిచ్చాడు, అంతే.

మూడోసారి వచ్చేటప్పటికి ఇద్దరి తలలూ నెరిసిపోయాయి. సుంకులమ్మకు భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఓబులేసుకు భార్య పోయింది, ఆ వెనకే తమ్ముడూ పోయాడు. తమ్ముడు విత్తిన జొన్న చేలోనే ఉంది. "ఈ ఒక్క పంటా కాపాడి, చేను కౌలుకిచ్చేసి కిందికి దిగిపోతా. ఇంక ఈ గుట్ట ఎక్కను" అని అందరితో చెప్పాడు.

అప్పుడు మళ్ళీ తూర్పు మంచె మీద "ఓహోయ్" అని కేక లేచింది.

సుంకులమ్మ చేతిలో వడిసెల అలాగే ఆగిపోయింది. గొంతు ముసలిదైంది. అయినా ఆ గొంతే. ఆమె లేచి అందుకుంది. అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. అది మళ్ళీ ఆ గాలికాలమే తల్లీ. కానీ ఆమెకు గాలి గుర్తు రాలేదు. 'ఇప్పుడు కూడా పలకడు. ఈ వయసులో కూడా అంత బిగువా' అనుకుంది. ఆ రోజు సంగటి మూట విప్పనే లేదు.

ఆ ఊళ్ళో ఈరమ్మ అని ఒకామె ఉండేది. గడ్డి కోసుకుంటూ అందరి గట్ల మీదా తిరిగేది. గడ్డితో పాటు మాటలు కూడా మోసేది. ఆమె మర్నాడు సుంకులమ్మ మంచె కింద మోపు దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏం మే సుంకులక్కా, ఓబులేసన్న కేక అందుకోవంట నువ్వు?"

"ఎవరు మే ఆ మాటన్నది?"

"ఆయనే అన్యాడు. 'పడమటి మంచె అప్పుడూ పలకలేదు, ఇప్పుడూ పలకదు. ఆమెకు నేనంటే అంత గిట్టదు' అన్యాడు. నవ్వుతానే అన్యాడులే. ఆ నవ్వే నాకు బాగనిపించలా."

ఇంతే చెప్పి ఈరమ్మ మోపెత్తుకుని తూర్పు వైపు వెళ్ళిపోయింది.

సుంకులమ్మ 'అప్పుడూ' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. అప్పుడు పలకలేదంటాడేమిటి? గొంతు పగిలేట్టు పలికాను కదా! ఇంకొంచెం అడుగుదామని "ఈరమ్మా" అని పిలిచింది. ఈరమ్మ తిరగలేదు. "ఓ ఈరమ్మా" అని అరిచింది. గట్టు మీద పోతున్న ఈరమ్మ తనలో తను కూనిరాగం తీసుకుంటూ పోతోంది. ఆ రాగం సుంకులమ్మకు చక్కగా వినపడుతోంది. సుంకులమ్మ అరుపు మాత్రం ఆమెకు అందడం లేదు.

సుంకులమ్మ మంచె మీద కూలబడింది.

ఏటేటా ఆ గాలికే ఆమె జొన్నలు తూర్పార పట్టేది. గింజ ఎక్కడ పడుతుందో, పొట్టు ఎంత దూరం పోతుందో కళ్ళు మూసుకుని చెప్పేది. మాట కూడా పొట్టులాంటిదేనని, గాలి దాన్నీ వెనక్కి ఎత్తుకుపోతుందని ఆమెకు ఎన్నడూ తోచలేదు. అతని మాట తనకు వినపడింది కాబట్టి తన మాట అతనికీ వినపడిందనుకుంది. అతనికి ఏమీ వినపడలేదు కాబట్టి తను ఏమీ అనలేదనుకున్నాడు అతను. అంతే తల్లీ. అంత చిన్నదానికి నలభై ఏళ్ళు పోయాయి. నేల మీద రాలిన గింజలైతే ఏరుకోవచ్చు. రాలిన ఏళ్ళను ఎవరు ఏరుకుంటారు?

సుంకులమ్మ చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది. అతను కొండ దిగేలోపు ఆ జవాబు అతనికి అందాలి, ఇంకేమీ వద్దు అనుకుంది.

మొదట, గాలి కాస్త తగ్గినట్టనిపించినప్పుడు అరిచి చూసింది. లాభం లేదు. అటు నుంచి మారు కేక రాలేదు.

రెండోసారి, ఎర్రదుప్పటి తీసి రెండు చేతులతో ఊపింది. ఓబులేసు చూశాడు. చూసి, ఆమె చేలో చిలకలు పడ్డాయేమో, సాయం అడుగుతోందనుకున్నాడు. పాపం, లేచి నిలబడి తన చేతిలో ఉన్న రాళ్ళన్నీ ఆకాశంలోకి విసిరాడు. "ఓహోయ్! పోండి! పోండి!" అని అరిచాడు. సుంకులమ్మ దుప్పటి కింద పడేసి, "నన్ను పొమ్మంటాండాడు, చూడు ముసలాయన" అని ఏడుపులోనే నవ్వింది.

ఈరమ్మతో చెప్పి పంపొచ్చు కదా అంటావా? ఈరమ్మతో చెబితే ఓబులేసు కంటే ముందు ఊరంతా వింటుంది. పొద్దు గూకాక తనే పోయి చెప్పొచ్చు కదా అంటే, ఊళ్ళో నలుగురి కళ్ళ ముందు ఎదురుపడితే ఆ ఇద్దరికీ నోరు పెగలదాయె.

ఇంతలో తూర్పు చేను పండింది. మర్నాడే కోత అన్నారు. కోత అయితే మంచె దిగుతుంది, మంచె దిగితే మనిషి దిగిపోతాడు. సుంకులమ్మ చేను మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది, చిలకలు పైనే తిరుగుతున్నాయి. అది ఏడాది తిండి. చిలకలు తిరిగేటప్పుడు మంచె దిగితే ఊళ్ళో ఎవరూ క్షమించరు. కొడుకు ఏమంటాడో, కోడలు ఏమంటుందో! ఆమె ఒకసారి చేను వైపు చూసింది. ఒకసారి తూర్పుకు చూసింది.

ఆ తర్వాత మూడోసారి, మంచె దిగింది.

మోకాళ్ళు కలుక్కుమన్నాయి. వంకలోకి దిగితే కాళ్ళు జారాయి. ఆమె ఇటు దిగిందో లేదో, చిలకలు అటు వాలాయి. వెనక్కి తిరిగి చూడలేదు. వంక ఎక్కి ఓబులేసు చేలో దూరింది. నిలువెత్తు జొన్న, మనిషి కనపడదు. మంచె మీద నుంచి ఓబులేసుకు చేను మధ్యలో ఏదో కదులుతున్నట్టు మాత్రం కనపడింది. అడవిపంది వచ్చిందనుకున్నాడు. వడిసెలలో రాయి పెట్టి గిరగిరా తిప్పడం మొదలుపెట్టాడు.

"ఏస్తే ఏయి బావా! ఈపొద్దు మాత్రం చెప్పకుండా పోను!" అని జొన్నలోంచి వినపడింది.

ఓబులేసు చేతిలో వడిసెల జారిపోయింది.

ఆమె మంచె కిందికి వచ్చి ఆయాసంతో గుంజ పట్టుకుంది. జుట్టు నిండా జొన్ననూగు.

"సుంకులూ! నువ్వు... ఇట్లా..."

"ఆపొద్దు నువ్వొక మాట అడిగినావు. రమ్మందునా, వద్దందునా అని."

ఓబులేసు తల దించుకున్నాడు. "అడిగినా. నువ్వు పలకలా. ఆడపిల్ల వద్దనుకుంటే మళ్ళీ అడిగేది మర్యాద కాదని పోయినా."

"పలికినా బావా. మూడుసార్లు రమ్మనమని పలికినా. గాలి నీ దగ్గర నుంచి వస్తాండె. నా మాట నాకే తిరిగొచ్చినాది."

ఓబులేసు జొన్నకంకులు తల వాల్చిన వైపు చూశాడు. గాలి ఇంకా పడమరకే వీస్తోంది. ఆయన మంచె దిగాడు.  ఆమె ముందు నిలబడి చిన్నపిల్లాడిలా అన్నాడు:

"ఇప్పుడు మా అమ్మ లేదే సుంకులూ. అడగడానికి ఎవర్ని పంపేది?"

"మీ అమ్మ లేదు. నువ్వుండావు కదా," అంది సుంకులమ్మ. "నువ్వే రా."

చూశావా తల్లీ, మనసులో మాట దూరం నుంచి అరిచి ఊరుకోకూడదు. అందిందో లేదో వెళ్ళి చూసుకోవాలి.

మర్నాడు కోత కూడా ఆపేసి ఓబులేసు తలకు నూనె రాసుకుని, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. మద్దిలేటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అప్పటికే ఈరమ్మ నోట సగం విన్నాడు. చిలకలు తిన్న చేను చూసి వచ్చాడు, ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు. లోపల సుంకులమ్మ పొయ్యి ముందు కూర్చుంది. పొయ్యి ఆరిపోయిందని కూడా చూసుకోలేదు.

ఓబులేసు అంతా చెప్పాడు. "ఇప్పుడు ఈ ఇంటికి పెద్దవు నువ్వే. అందుకే నిన్నడుగుతాండా" అన్నాడు.

మద్దిలేటికి ఒక సంగతి గుర్తొచ్చింది. అమ్మ కేక అందుకున్నాక తూర్పు వైపు ఎందుకు చెవి పెడుతుందని చిన్నప్పుడు అడిగేవాడు. చిలకల కోసం నాయనా అని చెప్పేది. ఇప్పుడు తెలిసింది.

"వరసకు నువ్వు నాకు పెదనాయనవే కదా," అన్నాడు చివరికి. "నేను పుట్టినప్పటి నుంచీ అదే వరస. ఇప్పుడు కొత్తగా నేను నేర్చుకునేది ఏముంది? లోపలికి రా పెదనాయనా."

మారుమనువుకు మేళాలుండవు, పందిరుండదు. నలుగురు పెద్దలు, ఒక కొత్త చీర, అంతే. గాలిమిట్టలో అదే పద్ధతి. ఆ ఏడు సుంకులమ్మ చేలో సగం కంకులు ఉత్త బెండ్లే మిగిలాయి. అది చూసి ఈరమ్మ ఊరంతా వినేట్టు అంది:

"మన సుంకులక్క పెండ్లివిందు మనకంటే ముందు చిలకలు తినిపోయినాయి మే!"

సుంకులమ్మ నవ్వింది. ఓబులేసు ఆమె పక్కనే కూర్చున్నాడు కాబట్టి, ఆ నవ్వు అతనికి చక్కగా వినపడింది.

గింజ గాదెకి, గువ్వ గూటికి,
గాలి గుట్టకి, మాట మనిషికి,
కథేమో కంచికి, కన్నేమో నిద్దరకి.