ఇల్లుబస్సుకు కొత్త కెమెరా

ఎల్లమంద బస్సు తాళాలు తెచ్చి కోటమాంబ గారి ముందున్న పీట మీద పెట్టాడు. పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏందయ్యా ఇది?" అంది ఆవిడ, చేతిలో మజ్జిగ గ్లాసు దించకుండానే.

"ఇంక నా వల్ల కాదమ్మా. బండి ఇంకెవరికన్నా అప్పజెప్పండి."

కోటమాంబ గారు అచల గురువు. గుడీ విగ్రహమూ అక్కర్లేదనే మార్గం అది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఆవిడకు మఠమంటూ లేదు. శిష్యులంతా తలా ఒక చెయ్యి వేసి పాత టూరిస్టు బస్సొకటి కొని, సీట్లు పీకించి, ఒక మంచం, ఒక బల్ల, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు, వెనకాల చిన్న స్నానాల గది పెట్టించారు. దాన్ని అందరూ ఇల్లుబస్సు అంటారు. ఊరూరా తిరిగేదీ అందులోనే, వండుకునేదీ అందులోనే, బోధ చెప్పేదీ అందులోనే.

ఆ బస్సుకు ఆరేళ్ళుగా ఎల్లమంద డ్రైవరు. ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్ళు తోలి, బండికి ఒక్క గీత పడనీకుండా రిటైరైన మొనగాడు. ఆ మాట వద్దన్నా చెప్పేవాడు కూడా. భార్య పోయాక ఇల్లు అమ్మేసి వచ్చి ఈ బస్సెక్కాడు. డ్రైవరు సీటు వెనకున్న బల్ల మీదే అతని పడక. ఈ బస్సు దిగితే ఎటు పోవాలో అతనికి తెలియదు. అయినా తాళాలు తెచ్చి పెట్టేశాడంటే, పాపం, ఎంత బెదిరిపోయాడో చూడండి.

జరిగిందేమంటే, ఆ ముందురోజు ఒక రైసుమిల్లు దొడ్లో బండి పెట్టాలని వెనక్కి తీస్తున్నాడు. స్టీరింగు పక్కన చిన్న తెర ఉంటుంది. వెనకున్న కెమెరా చూసిందంతా అందులో పడుతుంది. చూస్తే తెరంతా మసక. ఏమీ లేదులే అనుకుని తీశాడు. ఎవరో కెవ్వుమన్నారు. బ్రేకు తొక్కి దిగి చూస్తే, చింతపండులో గింజలు తీస్తున్న ముసలామె ఒకతి బస్సు వెనక కూర్చుని ఉంది. ఆమె చేట టైరు కింద నుజ్జునుజ్జయింది. ఆమెకూ టైరుకూ మధ్య జానెడే.

ఆమె తిట్టిన తిట్లు మిల్లు మోత మీదుగా కూడా వినబడ్డాయి. తిట్టగలిగినందుకు ఎల్లమంద ఆమెకు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

"నా కళ్ళు పోయినయ్యమ్మా," అన్నాడిప్పుడు. "ఏడాది నుంచీ కళ్ళజోడు పెట్టుకున్నా ఆ తెర మీద నాకేదీ ఆనడం లేదు. చెబితే బండి దింపేస్తారని భయపడి ఎవ్వరికీ చెప్పలా. నిన్న ఒక ప్రాణం తీసేవాణ్ణి."

ఆవిడ మజ్జిగ పూర్తిగా తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"ఎదురొచ్చే బస్సు బోర్డు చదవగలవా?"

"చదువుతానమ్మా. ఫర్లాంగు దూరాన్నుంచే చదువుతా."

"మరి జానెడు దూరంలో ఉన్న తెర ఆనలేదా! కెమెరా ఎన్నేళ్ళది?"

"బస్సుతో పాటు వచ్చిందే. తొమ్మిదేళ్ళుంటయ్."

"ముందు దాన్ని మారుద్దాం. ఆనక నిన్ను మార్చే సంగతి చూద్దాం. పద మార్కాపురం."

"అమ్మా, నేను తోలనంటుంటే..."

"ముందుకేగా పోయేది? వెనక్కి తీయాల్సిన పని లేకుండా పోనియ్యి."

ఏం చేస్తాడు! తాళాలు తీసుకుని ఎక్కాడు. దారి పొడుగునా ఒక్కసారి కూడా రివర్స్ గేరు ముట్టుకోలేదు. ఒకచోట మలుపు దాటిపోయాడు. వెనక్కి తీయాల్సి వస్తుందని నాలుగు మైళ్ళు చుట్టు తిరిగి మరీ వచ్చాడు. ఆవిడ చూసీ చూడనట్టు కిటికీలోంచి పొగాకు చేలు చూస్తూ కూర్చుంది.

మార్కాపురంలో బైపాసు పక్కన మీరావలి అనే ఆయన లారీలకు, బస్సులకు కరెంటు పనులు చేస్తాడు. స్టూలు వేసుకుని ఎక్కి, పాత కెమెరా మరలు విప్పి, అరచేతిలో పెట్టుకుని దిగాడు. దాన్ని అటూ ఇటూ తిప్పాడు. గోటితో గీకాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు.

"పెద్దాయనా, ఇది కెమెరానా, అమ్మవారి విగ్రహమా?"

"ఏం, ఏమయింది?"

మీరావలి స్క్రూడ్రైవరు మొనతో ఒక పెచ్చు లేపాడు. "ఇదిగో, పైన కుంకుమ. దాని కింద గంధం. దాని కింద పసుపు. మళ్ళీ కుంకుమ, మళ్ళీ గంధం. ఇదేంది, పూరేకు కూడా ఉందే! ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నా, బురద పట్టిన కెమెరాలు చూశాగానీ అభిషేకం చేసిన కెమెరా చూళ్ళేదు. ఎవరయ్యా ఆ భక్తుడు?"

ఎల్లమంద మొహాన నెత్తురు చుక్క లేదు. మెల్లగా అన్నాడు, "నేనే."

"మీరా!"

"ప్రతి శుక్రవారం చక్రాలకు పెడతా, స్టీరింగుకు పెడతా, దీనికీ పెడతా. అమ్మ బండికి కన్ను కదా అని. అయినా నేను అద్దానికి పెట్టలేదబ్బాయ్. పైన నొసటికి పెట్టా."

"నొసటికి పెట్టింది వాన పడితే కంట్లోకి కారదా బాబాయ్?"

బస్సులోంచి ఒక నవ్వు వినిపించింది. కోటమాంబ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మంచం కిర్రుకిర్రుమనేట్టు నవ్వుతోంది. మీరావలి కూడా నవ్వాడు. ఎల్లమందకు సిగ్గుతో చచ్చినంత పనయింది. కానీ ఆ సిగ్గు అడుగునే ఇంకోటేదో కదిలింది. అంటే, తప్పు కళ్ళది కాదన్నమాట!

మీరావలి కెమెరాను తడిగుడ్డతో తుడిచి చూశాడు. లోపలికి నీళ్ళు దిగి ఉన్నాయి, తీగ పచ్చగా చిలుం పట్టి ఉంది. "పూజలు చేయకపోయినా ఇది ఇంకో ఏడాది వచ్చేది కాదులే. ముసలిదైపోయింది. మార్చాల్సిందే," అని కొత్తది తీశాడు. వెనక నుంచి పైకప్పు మీదుగా కొత్త తీగ లాక్కొచ్చి, ముందు తెరకు కలిపేసరికి మధ్యాహ్నమైంది.

"రివర్స్ వెయ్యండి."

ఎల్లమంద గేరు వేశాడు. తెర వెలిగింది. గేటు కనిపించింది. గేటు పక్కన స్కూటరు, దాని నంబరు ప్లేటు. చెత్త గీకుతున్న కోడి, దాని వెనకాల పిల్లలు. ఎల్లమంద నంబరు ప్లేటు పైకి చదివాడు. తర్వాత కోడిపిల్లల్ని లెక్కబెట్టాడు. ఏడు.

"కళ్ళున్నయ్యమ్మా నాకు!" అని గట్టిగా కేకేశాడు. "ఉన్నయ్యి! ఏడు పిల్లలూ కనబడుతున్నయ్యి!"

"ఉన్నయ్యిలే, అరవబాకు. ఆ కోడి బెదురుద్ది."

కళ్ళు తుడుచుకుంటూ ఎల్లమంద దిగి, పని లేకపోయినా బస్సు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. ఆ రోజు దారిలో బండి ఎక్కడ ఆపినా, అవసరం ఉన్నా లేకపోయినా వెనక్కి తీసి పెట్టాడు. ఏడాది బరువు దిగిపోయిన మనిషి ఆమాత్రం సంబరపడితే తప్పేముంది?

మూడు రోజులకు శుక్రవారం వచ్చింది.

తెల్లవారగానే స్నానం చేసి, పళ్ళెంలో గంధం, పసుపు, కుంకుమ, చామంతి పూలు పెట్టుకుని బయల్దేరాడు. చక్రాలకయింది, స్టీరింగుకయింది. బస్సు వెనక్కి వెళ్ళి కొత్త కెమెరా కింద నిలబడ్డాడు. చెయ్యి ఊరుకోదే! లేస్తుంది, మళ్ళీ దిగుతుంది. చివరికి పళ్ళెం పట్టుకుని లోపలికి వచ్చాడు.

"అమ్మా, కొత్తది. మొదటి శుక్రవారం. బోసిగా వదిలేస్తే మనసొప్పడం లేదు. ఒక్క చుక్క పెట్టనా? అద్దానికి కాదు, నొసటికీ కాదు. పక్కన, వాన పడ్డా కారకుండా."

కోటమాంబ గారు మంచం మీద కూర్చుని ఉంది. "పళ్ళెం ఇటియ్యి," అంది. "నువ్వూ దగ్గరికి రా."

దగ్గరికి వచ్చి వంగాడు. ఆవిడ అతని కళ్ళజోడు తీసుకుంది. బొటనవేలు గంధంలో ముంచి, రెండద్దాలకూ నిండుగా పూసింది. మధ్యలో ఒక్కో కుంకుమ బొట్టు పెట్టింది. అందంగా ఉందా అన్నట్టు ఒకసారి ఎత్తి చూసి, మళ్ళీ అతని ముక్కు మీద పెట్టింది.

"రోజూ చేసే పూజ కానియ్యి," అంది.

గురువు చెప్పింది, అంతే. ఎందుకని అడిగే అలవాటు అతనికి లేదు. రోజూ పొద్దున్నే ఆవిడ పాదాలకు పసుపు రాసి, పూలు పెట్టి మొక్కడం ఆరేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు. తడుముకుంటూ పళ్ళెం అందుకుని, కూర్చుని, పూలు పెట్టాడు. నుదురు ఆనించి మొక్కాడు.

"నేనిక్కడున్నా," అని అతని వెనకనుంచి మాట వినిపించింది.

ఎల్లమంద కళ్ళజోడు తీశాడు. పూలన్నీ మంచం అంచు నుంచి నేల మీదికి జారిన దుప్పటి మీద ఉన్నాయి. కోటమాంబ గారు ఎప్పుడు లేచిందో, ఎల్లమంద పడుకునే బల్ల మీద కూర్చుని ఉంది.

అతను పై పంచె కొంగుతో అద్దాలు తుడిచాడు. ఊది, మళ్ళీ తుడిచాడు. పెట్టుకుని, మిగిలిన పూలు చేతిలోకి తీసుకుని, బల్ల దగ్గరికి వచ్చి ఆవిడ పాదాల ముందు కూర్చున్నాడు.

పూలు పెట్టబోయిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఎడమ పాదం కుడి పాదంలాగా లేదు. చీలమండ ఎముక కనబడకుండా వాచిపోయి ఉంది. నిన్నటి పసుపు, మొన్నటి పసుపు పొరలు పొరలుగా ఎండి, వాటి కింద చర్మం బిగిసి మెరుస్తోంది. వేలితో మెల్లగా నొక్కి చూశాడు. గుంట పడింది. వేలు తీసినా గుంట అట్టాగే ఉండిపోయింది.

ఎల్లమంద పూలు పక్కన పెట్టేశాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి, పసుపంతా కడిగి, తుండుతో ఒత్తాడు. కడుగుతున్నంతసేపూ అతని కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తర్వాత తలెత్తాడు.

"ఈ కాలు ఎప్పటినుంచి వాచిందమ్మా?"

కోటమాంబ గారు వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా ఊపిరి తీసుకుని వదిలింది.

"అమ్మయ్య," అంది. "కనబడిందా నాయనా."