అచ్చెమ్మ పారాణి

అనగనగా, చెప్పులు ఇంట్లో విడిచిపెట్టి కొండదేవుడి దగ్గరకు నడిచి వెళ్ళే రోజుల్లో, ఒక అడవిదారి చివర ఒక చిన్న సత్రం ఉండేది. మట్టిగోడలు, తాటాకు కప్పు, రెండు అరుగులు, ఒక బావి. అది దాటితే ఇక ఊరూ లేదు, నీరూ లేదు. పగలంతా రాళ్ళదారి ఎక్కితే సాయంత్రానికి కొండమీది మల్లన్న గుడి వస్తుంది.

ఆ సత్రాన్ని పోతులయ్య అనే ముసలాయన చూసుకునేవాడు. వచ్చినవాళ్ళను పేరు అడగడు, ఊరు అడగడు. విస్తరి వేసే ముందు ఒక్కటే అంటాడు.

"కాళ్ళు చూపించండి."

అరికాళ్ళు బాగుంటే అన్నం పెట్టి పొద్దున్నే పంపేస్తాడు. ముల్లు ఉంటే జిల్లేడుపాలు పూసి, గుడ్డ కట్టి, ఒక పగలూ ఒక రాత్రీ కదలకుండా పడుకోబెడతాడు. ముల్లు తనంతట తానే పైకి వస్తుంది. రాళ్ళదారిలో పడిపోతే ఎత్తి తెచ్చే నాథుడు ఎప్పుడో గానీ దొరకడని ఆయన భయం.

ఒక కార్తీకమాసంలో, పున్నమి ఇంకా రెండు రోజులుందనగా, అచ్చెమ్మ అనే నూనె వర్తకురాలు ఆ సత్రానికి వచ్చింది. ఒక్కచోట కూర్చోవడం ఆమె జాతకంలోనే లేదు. అన్నం కూడా నిలబడే తినే మనిషి. ఆమె కూతురు పార్వతాలుకు నెలలు నిండాయి. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పుట్టి, కళ్ళు తెరవకుండానే పోయారు. ఈ బిడ్డయినా దక్కితే చాలని, పున్నమి చంద్రుడు పొడిచే వేళకు కొండమీద తన చేత్తో దీపం పెడతానని అచ్చెమ్మ మొక్కుకుంది. ఆ బెంగ ఆమెను నిలవనివ్వడం లేదు.

ఆ మధ్యాహ్నమే దారిలో ఆమె అరికాల్లో తుమ్మముల్లు దిగి, లోపలే విరిగిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ముసలాయన ఆపేస్తాడు కదా!

ఆమె కంటే ముందే గాజుల లింగన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఊరూరా తిరిగి గాజులమ్మే వర్తకుడు. అతనిదీ పున్నమి మొక్కే, అతని కాల్లోనూ ముల్లే. పోతులయ్య అడగగానే కాలు చాపి, "ఇదిగో, ఇక్కడ చచ్చేలా పొడుస్తోంది తాతా!" అని గోల పెట్టాడు. పోతులయ్య పాలు పూసి, కట్టు కట్టి, "రేపు కదిలావో, కాలు విరగ్గొడతా" అన్నాడు.

అది విని అచ్చెమ్మ గోడ చాటుకు పోయి మూట విప్పింది. అమ్మవారి కోసం తెచ్చిన పసుపూ సున్నమూ కలిపి, రెండు పాదాలకూ, అడుగున కూడా, దట్టంగా పారాణి పూసుకుంది.

"కాళ్ళు చూపించు తల్లీ" అన్నాడు పోతులయ్య.

చూపించింది. ఎర్రగా మెరుస్తున్నాయి.

"పెళ్ళికూతురిలా వచ్చావే!"

"అమ్మవారి మొక్కు అన్నా" అంది అచ్చెమ్మ, చూపు పక్కకు తిప్పుకుని.

మొక్కు అన్నాక ముసలాయన ఏమంటాడు? అన్నం పెట్టాడు.

దీపాలు పెట్టే వేళకు సత్రం సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దం అచ్చెమ్మకు పడలేదు. ముందు అరుగంతా ఊడ్చింది. తర్వాత మూట విప్పి మళ్ళీ కట్టింది. ఆ తర్వాత, "తెల్లారడానికి ఎంతుంది అన్నా?" అని అడిగింది. పోతులయ్య నవ్వి, "పొద్దుగూకి ఎంతసేపయిందని తల్లీ!" అన్నాడు. కాలు సలుపుతూనే ఉంది.

తెల్లవారుతూనే ఆమె బయలుదేరింది. పడుకుని ఉన్న లింగన్నను చూసి, పాపం, వీడు పున్నమికి అందుకోలేడు అనుకుంది. ఎండిన వాగు దాటింది. మొదటి మలుపు తిరిగింది. రెండో మలుపులో కాలు నేల మోపలేక కూలబడింది. లేవబోయింది, పడింది. మళ్ళీ లేవబోయింది, మళ్ళీ పడింది. కొండ కళ్ళ ముందే ఉంది.

ఆమె అదృష్టం కొద్దీ కొండ దిగి వస్తున్న ఇద్దరు యాత్రికులు చూసి, మోసుకొచ్చి సత్రంలో దించారు.

పోతులయ్య కాలు పట్టుకుని చూశాడు. పాదమంతా వాచిపోయింది. వాపు ఎరుపు, పారాణి ఎరుపు. ముల్లు దిగిన చోటు ఏదో తెలియదు. ఎక్కడ నొక్కినా అచ్చెమ్మ కెవ్వుమంటోంది.

"నిన్ననే చూపిస్తే ఎల్లుండికి కాదు, రేపటికే నడిచేదానివి కదమ్మా!" అన్నాడు. ఆయనకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

నిమ్మచెక్కతో ఆ ఎరుపు రుద్ది వదిలించేసరికి సాయంత్రమైంది. అప్పుడు గానీ ముల్లు దిగిన చోటు కనబడలేదు. అప్పుడు గానీ పాలు పూయడం కుదరలేదు.

పున్నమి పొద్దున లింగన్న కట్టు విప్పితే ముల్లు గుడ్డకు అంటుకుని వచ్చేసింది. అతను లేచి రెండడుగులు వేసి, మూట భుజానికెత్తుకున్నాడు. అచ్చెమ్మ భోరున ఏడ్చింది.

"ఇద్దరు బిడ్డలు పోయారయ్యా నా కూతురికి! ఇదీ నా మూలాన పోతే ఎట్లా బతికేది?"

"నీ దీపం నేను పెడతాను అక్కా, ఇట్లా ఇవ్వు" అన్నాడు లింగన్న.

"నా చేత్తో అని మొక్కుకున్నాను."

"అయితే వత్తి నీ చేత్తో చెయ్యి" అన్నాడు పోతులయ్య. "నెమ్మదిగా కూర్చుని చెయ్యి. తొందరపడితే వత్తి నిలవదు."

మొదటి వత్తి చేతిలోనే విడిపోయింది. రెండోది వంకరపోయింది. అచ్చెమ్మ కళ్ళు తుడుచుకుని, ఊపిరి పీల్చుకుని, మూడోది నిదానంగా పేనింది. అది సన్నగా, గట్టిగా వచ్చింది. ఆ వత్తినీ, తన గానుగ నూనెనూ లింగన్న చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం చంద్రుడు పొడిచే వేళకు కొండమీద దీపాలు కనిపించాయి. వాటిలో తనది ఏదో ఆమెకు తెలియదు. అరుగు మీద కదలకుండా కూర్చుని అన్నిటికీ దణ్ణం పెట్టింది. మర్నాడు ముల్లు బయటికొచ్చింది. వాపు తగ్గేదాకా ఆగి, అప్పుడు నిదానంగా ఇంటిదారి పట్టింది.

ఇంటికి చేరేసరికి లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. పున్నమి నాటి సాయంత్రమే పుట్టిందట, ఆడపిల్ల. అచ్చెమ్మ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది, నవ్వింది.

బాలింత మంచం మీద నుంచే పార్వతాలు తల్లి నడక గమనించింది.

"కాలికేమైందమ్మా?"

"ఏం లే..." అనబోయి అచ్చెమ్మ ఆగింది. మంచం దగ్గరకు వచ్చి, మెల్లగా కూర్చుని, కట్టు విప్పి కాలు కూతురికి చూపించింది.

తొందర కొద్దీ దాచుకున్న గాయమే మనల్ని దారిలో ఆపేస్తుంది. అయినవాళ్ళకు చూపిన గాయం త్వరగా మానుతుంది.