తెల్ల దారం కట్టిన చెయ్యి

ఓబులేసుకు సుంకమ్మ మణికట్టు పెద్ద చిక్కై కూర్చుంది. మూడుసార్లు కట్టు మార్చాడు. మూడుసార్లూ ఎముక సరిగ్గా కలిపే పంపాడు. ఎనిమిది రోజులకు సుంకమ్మ తిరిగి వచ్చేసరికి కలిపిన ఎముక కాస్తా మళ్ళీ పక్కకు జరిగి ఉండేది.

గుట్ట మీది దర్గాలో రహంతుల్లా బాబా విరిగిన ఎముకలకు కట్లు కట్టేవాడు. ఓబులేసు ఆయన దగ్గర ఆరేళ్ళుగా శిష్యుడు. మినప్పిండి, గుడ్డు సొన కలిపి పట్టు వేసి, వెదురు బద్దలు పెట్టి, పైన ఒక దారం చుట్టడం అక్కడి ఆనవాయితీ. తనంతట తాను పడినవాళ్ళకు తెల్ల దారం. గొడ్డు కుమ్మితే పచ్చ దారం. మనిషి చేసిన దెబ్బకు ఎర్ర దారం. మళ్ళీ కట్టు మార్పుకు వచ్చినప్పుడు ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు, దారమే చెబుతుంది. ఎర్ర దారం వాళ్ళను మాత్రం ఇంటికి పంపరు. ఎముక అతికేదాకా వెనక గదిలో బాబా చెల్లెలు బీబమ్మ దగ్గర ఉండాల్సిందే. ఆ గదిలోంచి మనిషిని లాక్కుపోయే ధైర్యం చుట్టుపక్కల ఊళ్ళలో ఎంతటి మొనగాడికీ లేదు.

ఆరేళ్ళలో ఒక్క దారం కూడా తప్పు కట్టలేదని ఓబులేసుకు కాస్త మిడిసిపాటు ఉండేది. ఉండదా మరి, ఆ వయసు అలాంటిది.

"ఆమె చెప్పిన మాట వినదు బాబా," అన్నాడు ఒక రోజు. "చేతికి పని పెట్టొద్దంటే పెడతాంది. నా కట్టులో లోపం లేదు. ఇంకోసారి ఇట్లే వస్తే ఆ చెయ్యి జన్మలో తిన్నగా రాదు."

"యా దారం కట్టినావు?"

"తెల్లది. బండ మీద పాచికి జారి పడినానని ఆమే చెప్పె. మొగుడూ అదే చెప్పె."

"మూడుసార్లూ మొగుడు పక్కనే ఉండెనా?"

"ఉండె. పాపం, ఒక్కసారి గూడా ఒంటిగా పంపలేదు."

ఆ పాపం అన్న మాట వినగానే బాబా లేచాడు. "పద, కుండెడు నీళ్ళు తెద్దాం," అన్నాడు.

ఓబులేసు కుండ పట్టుకుని ముందు నడిచాడు. రాతి మెట్ల మీదికి వచ్చేసరికి వీపు మీద ఒక చెయ్యి పడింది. పొరపాటున తగిలిన చెయ్యి కాదు, గట్టిగా తోసిన చెయ్యి. కుండ పగిలింది. నాలుగు మెట్లు దొర్లి కింద పడ్డాడు. ఎడమ మణికట్టు నొప్పి భుజందాకా పాకింది. తలెత్తి చూస్తే పైన బాబా నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు, దిగులుంది.

కింద పందిట్లో కూర్చున్న రోగులు పరుగెత్తుకొచ్చారు.

"ఏమైందప్పా?" అంటూ ఒక ముసలాయన రెక్క పట్టి లేపాడు.

ఓబులేసు నోరు తెరిచాడు. మళ్ళీ పైకి చూశాడు. ఆరేళ్ళు ఆ చేతి అన్నం తిన్నాడు. ఆ చెయ్యే తోసిందని నలుగురిలో ఎట్లా చెబుతాడు?

"ఏం లేదు పెద్దాయనా. మెట్టు మీద జారి పడినా."

బాబానే వచ్చి పక్కన కూర్చుని మణికట్టు తడిమి చూశాడు. విరగలేదు, బెణికింది. పట్టు వేసి, బద్దలు పెట్టాడు. దారం ఉండల బుట్ట ముందుకు జరిపాడు.

"ఏది కట్టమంటావురా?"

బండ మీద జారి పడినానన్న సుంకమ్మ మాటకు అర్థం ఓబులేసుకు అప్పుడు తెలిసింది. మూడుసార్లు తన చేతులతోనే ఆమెకు కట్టు కట్టి, తన నోటితోనే ఇంటికి పొమ్మన్నాడు. ఎర్ర దారం ఉండ తీసి బాబా చేతిలో పెట్టాడు.

సుంకమ్మ రావాల్సిన వాయిదాకు ఇంకా నాలుగు రోజులున్నాయి.

నాలుగో నాడు వచ్చింది, వెనకాలే మొగుడు. ఓబులేసు అతణ్ణి గుడ్లు తెమ్మని బజారుకు పంపాడు. కట్టు విప్పాడు. ఎముక మళ్ళీ జరిగి, జరిగిన చోటే గట్టిపడుతోంది. ఈ చెయ్యి ఇక పూర్తిగా తిన్నగా రాదని అతని వేళ్ళకు తెలిసిపోయింది. ఎట్లా పడ్డావని అడగలేదు. కట్టు కట్టి, పైన ఎర్ర దారం చుట్టాడు.

సుంకమ్మ దారం చూసి, భయంగా బజారు దారి వైపు చూసింది.

"ఎర్రదెందుకు సామీ? నేను జారి పడినా గదా."

ఓబులేసు చొక్కా చెయ్యి పైకి మడిచి, తన మణికట్టును ఆమె మణికట్టు పక్కన పెట్టాడు.

"నేనూ జారే పడినానమ్మా," అన్నాడు.

సుంకమ్మ ఆ రెండు దారాల వంక చాలాసేపు చూసింది. తర్వాత లేచి, మెట్ల వైపు పోకుండా, బీబమ్మ గది వైపు నడిచింది.