లేని చిరుతకు కాపలా

రేగుబండ గుట్ట తూర్పు వాలంతా సీతాఫలం చెట్లే. వానలు వెనకబట్టి కాయలు కన్ను విచ్చే రోజుల్లో అక్కడ తిన్నవాడికి తిన్నంత. కానీ తినేది ఒక్కడే, జంబయ్య అనే నక్క. పండిన వాసన ముక్కుకు తగలగానే వాడు బండెక్కి గొంతెత్తేవాడు.

"చిరుతొచ్చిందర్రోయ్! పడమర చీలికబండ దగ్గర కళ్ళారా చూశాను!"

అంతే, గుట్టంతా ఖాళీ. జంబయ్య తీరిగ్గా చెట్ల కింద చేరి, పండు పండుకీ మూతి నాక్కునేవాడు.

ఆ ఏడు మాణిక్యం అనే ముంగిస ఆ గుట్టకి వచ్చింది. పెద్దడవిలో ఏనుగుగారి దగ్గర ఆరేళ్ళు చదివి డాక్టరు పట్టా పుచ్చుకుంది. ఇప్పుడు ఇంకో పరిశోధన మొదలెట్టింది.

"పట్టా వచ్చాక కూడా చదువేమిటే తల్లీ?" అంది గేదె నల్లమ్మ, నెమరు ఆపకుండానే.

"దీన్ని పోస్ట్‌డాక్ అంటారు పెద్దమ్మా."

"ఉద్యోగం దొరకలేదని చెప్పరాదూ!"

మాణిక్యం నవ్వేసింది. అందులో కొంత నిజం లేకపోలేదు మరి.

దాని పరిశోధనల్లా ఒకటే. మనసు కుదురుగా ఉన్నప్పుడు ఎవరెలా నేర్చుకుంటారు, బెదిరినప్పుడు ఎలా నేర్చుకుంటారు, ఎప్పుడు ఏం అడుగుతారు? మూడు కొబ్బరి చిప్పలు బోర్లించి, వేపాకు పెట్టిన చిప్ప కింద వేరుశనగ గుళ్ళు దాచేది. కుదురుగా ఉన్న రోజున కుందేలు చిట్టెన్న రెండోసారికే గుట్టు పట్టేశాడు. జంబయ్య కేక విన్న రోజున మాత్రం అదే ఖాళీ చిప్పని పదిసార్లు తిరగేశాడు! ఇంకో సంగతి కూడా మాణిక్యం కనిపెట్టింది. బెదిరినవాళ్ళు "ఎంత దూరంలో ఉంది? ఎటు పోవాలి?" అంటారే గాని, "నువ్వు తప్ప ఇంకెవరు చూశారు?" అని ఒక్కరూ అడగరు.

ఇవన్నీ తాటాకుల మీద గీసుకుంది. వినేవాళ్ళే లేరు. చెప్పబోతే నల్లమ్మ కునుకు తీసేది, చిట్టెన్న గుళ్ళేవీ అనేవాడు. అలా మూడు నెలలు గడిచాక, ఒక సాయంత్రం జంబయ్య వచ్చి వినయంగా చతికిలబడ్డాడు.

"డాక్టరమ్మా, ఈ గుట్ట మీద నీ విలువ తెలిసినవాడు లేడు. నీ పరిశోధన నాకు కాస్త విడమరిచి చెప్పు తల్లీ."

మాణిక్యానికి తోక కుచ్చులా విచ్చుకుంది. పొద్దుగూకేదాకా చెబుతూనే ఉంది. ఆకులన్నీ విప్పి చూపించింది.

"అంటే, ఆలోచించే సందు ఇవ్వకపోతే ఎవరూ ఏమీ అడగరన్నమాట!"

"అదే మామా! ఎంత చక్కగా పట్టుకున్నావ్!"

మర్నాడు తెల్లవారగానే కేక మారింది. "ఈసారి తల్లి చిరుత! రెండు కూనలు! ఆగి ఆలోచించినవాడే వాటి మొదటి ముద్ద!"

ముందెన్నడూ లేనంత తొక్కిసలాట. చిట్టెన్న ముళ్ళపొదలో పడి వెనక కాలు మెలితిప్పుకున్నాడు. కట్టు కడుతుంటే మాణిక్యానికి సంగతి అర్థమైంది. ఆ కేకలో మాటలు జంబయ్యవి, తెలివి తనది. 'మూడు నెలల తర్వాత ఒకడు మెచ్చుకోగానే, ఇదంతా నీకెందుకు మామా అని ఒక్క మాట అడిగానా? బెదిరినవాడి సంగతి రాసుకున్నాను గాని, మురిసినదాని సంగతి రాసుకోలేదు!'

మధ్యాహ్నం అందరూ మేసి, నీళ్ళు తాగి, మర్రి చిగుళ్ళంత మెత్తగా ఉన్న వేళ చూసి నోరు విప్పింది.

"చిరుతని మీలో ఎవరైనా చూశారా?"

"జంబయ్య చూశాడుగా!" అన్నారు అందరూ.

"పోనీ అడుగుజాడ? వాసన? ఎముక ముక్క?"

నల్లమ్మ నెమరు ఆగిపోయింది. చిట్టెన్న చెవులు నిక్కాయి. "వీడి ఇల్లు బంగారం గాను! పదండి, తోక పీకేద్దాం!" అన్నాడు కుంటుతూనే.

"కోపం మీదున్నప్పుడూ బుర్ర పనిచెయ్యదు చిట్టెన్నా. కూర్చో. ముల్లుని ముల్లుతోనే తీద్దాం."

ఆ సాయంత్రం తంగేడుపూల దండతో అందరూ జంబయ్య గుహ దగ్గరికి వెళ్ళారు.

"నాయనా, ఇన్నేళ్ళూ చిరుత నోట్లోంచి మమ్మల్ని లాగిన మహానుభావుడివి," అంది నల్లమ్మ. "నిన్ను గుట్టకి కాపలా దొరగా చేసుకుందామని వచ్చాం. మొదటి పండు నీకే. ఒప్పుకున్నానని అందరి ముందూ ప్రమాణం చెయ్యి బాబూ."

మామూలుగా నీళ్ళగుంటలో మూతి పెట్టాలన్నా నాలుగువైపులా చూసుకునే జంబయ్య, దొర అన్న మాటకి ఒళ్ళు మరిచాడు. మెడ వంచి దండ వేయించుకుని, "గుట్ట సాక్షిగా, మీ మాట దాటితే నా తోక ఊడిపోవాలి!" అన్నాడు.

"మరైతే పద మామా," అంది మాణిక్యం.

"ఎక్కడికి?"

"చిరుతొచ్చే చోటికి. చీలికబండ మీద పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కూర్చోవాలి."

"ఎ... ఎన్నాళ్ళు?"

"కాయలు అయిపోయేదాకా."

చిరుత లేదందామంటే ఇన్నేళ్ళ అబద్ధం బయటపడుతుంది. ఉందంటే బండ మీద మాడాలి. జంబయ్య కక్కలేక మింగలేక వెళ్ళి కూర్చున్నాడు. తూర్పు వాలు మీద పండగలా ఉంది. గాలి తిరిగినప్పుడల్లా పండ్ల వాసన, చిట్టెన్న ఇకిలింపులు. మాట ప్రకారం మొదటి పండు అందింది. ఒక్కటే.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం, పాదాలు బొబ్బలెక్కి వాడు వాలు మీదికి పరుగెత్తుకొచ్చాడు. "చిరుతా లేదు, దాని బొందా లేదు! నేనే కల్పించాను! నన్ను వదిలెయ్యండ్రా!"

"అయ్యయ్యో, తోక జాగ్రత్త దొరా!" అన్నాడు చిట్టెన్న. గుట్టంతా గొల్లుమంది. జంబయ్య దండ తెంపుకుని, తోక కాళ్ళ మధ్య దాచుకుని గుట్ట దిగిపోయాడు.

మాణిక్యం కొత్త తాటాకు తీసి తన సంగతే మొదట రాసింది, సిగ్గుపడుతూనే.

నీతి: బెదిరించేవాడిని ఒక ప్రశ్న అడుగు, పొగిడేవాడిని రెండు అడుగు.